గుంత నిండిన తరువాత

1832లో కలరా మాంచెస్టరు పట్నాన్ని చేరినప్పుడు, తమ నూలుమిల్లుల్లో పనిచేసే జనం ఎక్కడ, ఎలా బతుకుతున్నారో తెలుసుకోవలసిన అవసరం ఆ ఊరి పెద్దలకు కలిగింది. అంతవరకూ ఆ అవసరం అంతగా కలగకపోవటంలో ఆశ్చర్యమేమీ లేదు. కూలివాడి జబ్బు కూలివాడి పేటలో ఆగినంతకాలం అది కూలివాడి సొంత విషయం. కలరాకు పేటల సరిహద్దులు తెలియవు. అంచేత ఇన్‌స్పెక్టర్లను ఇంటింటికీ పంపారు. వారు తెచ్చిన లెక్కలను జేమ్స్ ఫిలిప్స్ కే అనే వైద్యుడు ఆ ఏడే ఒక చిన్న పుస్తకంగా ప్రకటించాడు. చూసిన ఇళ్లు 6,951. అందులో మరుగుదొడ్డి లేని ఇళ్లు 2,221. ఒక వీధిలో 380 మందికి కలిపి ఉన్నది ఒక్కటే దొడ్డి. ఆ వీధి పేరు పార్లమెంటు వీధి. ఇది నేను కల్పించిన వ్యంగ్యం కాదు, నిజంగానే దాని పేరది.

ఈ లెక్కను ఇద్దరు రెండు విధాలుగా చదివారు. కే దృష్టిలో అది కార్మికుల నైతిక పతనానికీ, ఐర్లండు నుంచి వలస వచ్చిన పేదల అలవాట్లకూ నిదర్శనం. వర్తక వ్యవస్థలో లోపం లేదనీ, జనం అలవాట్లలోనే ఉన్నదనీ అతని వాదం. 1845లో వెలువడిన తన గ్రంథంలో ఎంగెల్సు ఇదే పుస్తకాన్ని వాడుకున్నాడు. అంకెలు మార్చలేదు. 380 మందికి ఒక్క దొడ్డి కట్టిన ఇంటి యజమాని ఎవరు, ఆ ఇంటి అద్దె ఎవరి జేబులోకి పోతున్నది అని అడిగాడు. గణాంకాలు తమంతట తాము మాట్లాడతాయని చెప్పేవారు ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకొని చదవటం మంచిది.

అయితే ఆ ఇద్దరి దృష్టికీ అంతగా రాని సంగతి ఒకటున్నది. మరుగుదొడ్డి ఉన్నంత మాత్రాన సరిపోతుందా? అందులో పడినది ఎక్కడికి పోతున్నది?

ఈ ప్రశ్నకు లండను పట్నం చాలా ఖరీదు చెల్లించి జవాబు తెలుసుకుంది. 1842లో ఎడ్విన్ చాడ్విక్ తన ప్రసిద్ధ నివేదికలో శ్రామిక జనాభా ఆరోగ్య పరిస్థితిని వివరించి, నీళ్లూ, గొట్టాలూ, భూగర్భపు మురుగుకాలువలూ మార్గమని చెప్పాడు. ఇళ్ల కింద నేలగోతుల్లో పేరుకుపోయిన మలాన్ని కాలువల్లోకి మళ్లించారు. కాలువలు థేమ్సు నదిలోకి పోయాయి. ఆ నది నీటినే కంపెనీలు మళ్లీ పట్నానికి తాగటానికి అమ్మాయి. ఇళ్లు శుభ్రపడ్డాయి, నది పాడయింది. 1858 వేసవిలో ఆ కంపు పార్లమెంటు భవనం కిటికీల దాకా వచ్చిన తరువాత గాని బాజల్జెట్ కట్టిన పెద్ద కాలువలకు డబ్బు మంజూరు కాలేదు.

1854లో బ్రాడ్ వీధి కలరా కథ మనకు పాఠ్యపుస్తకాల్లో వచ్చిందే. జాన్ స్నో నీళ్ల పంపు మీద అనుమానపడ్డాడు, పంపు పిడి తీసేశారు. అక్కడితో పుస్తకాలు ఆగిపోతాయి. కథలో ముఖ్యమైన భాగం ఆ తరువాత ఉన్నది. ఆ పేటలోని హెన్రీ వైట్‌హెడ్ అనే యువ మతాచార్యుడు స్నో మాటను మొదట నమ్మక, ఇంటింటికీ తిరిగి, బతికినవారిని పదేపదే ప్రశ్నించి, చివరకు 40వ నంబరు ఇంట్లో చనిపోయిన ఒక పసిపాప దగ్గరకు వచ్చి ఆగాడు. ఆ పాప గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి ముందరి నేలగోతిలో పోశారు. తవ్వి చూస్తే గోతి ఇటుకలు పాడైపోయి ఉన్నాయి. గోతికీ బావికీ నడుమ దూరం మూడడుగులైనా లేదు. ఆ ఇంటికి దొడ్డి ఉన్నదా అని జనాభా లెక్కలవాడు అడిగి ఉంటే ‘ఉన్నది’ అని రాసుకొని వెళ్లిపోయేవాడు.

ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ప్రపంచమంతటా సర్వేలు దాదాపు ఈ పద్ధతిలోనే సాగాయి. అడిగిన ప్రశ్న దొడ్డి ఉన్నదా, ఉంటే ఏ రకం అని. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి ఒక పర్యవేక్షణ కార్యక్రమం మొదలుపెట్టాయి. మొదట్లో అది ప్రభుత్వాలు చెప్పిన అంకెలనే నమ్మేది. తరువాత ఇంటింటి సర్వేలనూ జనగణనలనూ ఆధారం చేసుకుంది. ఇది నిజమైన పురోగతి. ప్రభుత్వం తాను కట్టించిన దొడ్లను లెక్కిస్తుంది, సర్వే జనానికి ఉన్న దొడ్లను లెక్కిస్తుంది. ఈ రెండు అంకెల నడుమ కాంట్రాక్టర్లు హాయిగా జీవిస్తారు.

కాని ఆ కాలపు కొలమానం మలం మనిషికి తగలకుండా చేసే దొడ్డిని ‘మెరుగైనది’ అనేది. గొట్టానికి కలిపిన దొడ్డీ, సెప్టిక్ ట్యాంకు ఉన్న దొడ్డీ, పలక వేసిన గుంతదొడ్డీ అన్నీ మెరుగైనవే. గొట్టం శుద్ధి లేకుండా నదిలోకి పోయినా మెరుగైనదే. 2015లో ఐక్యరాజ్యసమితి కొత్త లక్ష్యాలు పెట్టుకున్నప్పుడు ఈ కొలమానం మారింది. దొడ్డి ఇంకో కుటుంబంతో పంచుకోనిదై ఉండాలి. మలం అక్కడికక్కడే సురక్షితంగా కుళ్లిపోవాలి, లేదా తీసుకుపోయి శుద్ధి చేయాలి. అప్పుడే అది ‘సురక్షితంగా నిర్వహించిన’ పారిశుద్ధ్యం. కొలబద్ద మారగానే ప్రపంచం మారిపోయింది. అదే 2015 సంవత్సరానికి కనీసపు దొడ్డి లెక్కన చూస్తే ప్రపంచ జనాభాలో 68 శాతానికి సౌకర్యం ఉన్నది. కొత్త లెక్కన చూస్తే 39 శాతానికే ఉన్నది. ఆ తరువాత అంకె పెరుగుతూ 2024 నాటికి 58 శాతానికి వచ్చింది. అంటే ఇంకా 340 కోట్ల మందికి లేదు.

ఈ సంగతిని కొలవటం మాత్రం తేలిక కాదు. పెద్ద పట్నాల్లో గొట్టం చివర శుద్ధి కేంద్రం ఉంటుంది, దాని లెక్కలు కార్యాలయంలో ఉంటాయి. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారం పట్నాల్లో రోజుకు పుట్టే మురుగునీరు 7,236 కోట్ల లీటర్లు కాగా నిజంగా శుద్ధి అయ్యేది 2,023 కోట్ల లీటర్లు. కాని ప్రపంచంలో కోట్ల ఇళ్లకు గొట్టం లేదు, గుంత ఉన్నది. గుంత సంగతి ఏ కార్యాలయానికీ తెలియదు. ఇంటివాళ్లనే అడగాలి. అందుకని యూనిసెఫ్ నడిపే ఇంటింటి సర్వేల ఆరో విడతలో రెండు ప్రశ్నలు చేర్చారు. మీ గుంతను ఎప్పుడైనా ఖాళీ చేయించారా? చివరిసారి చేయించినప్పుడు అందులోది ఎక్కడికి పోయింది?

చిన్న ప్రశ్నలే. వాటికి ఇచ్చిన జవాబుల పట్టిక మాత్రం ఆలోచించదగినది. పనివాడు శుద్ధి కేంద్రానికి తీసుకుపోయాడు. పనివాడు గోతిలో పూడ్చాడు. పనివాడు తీసుకుపోయాడు గాని ఎక్కడికో తెలియదు. ఇంటివాళ్లే పూడ్చారు. ఇంటివాళ్లే బయట పారబోశారు. ఈ మూడో జవాబు దగ్గర ఆగండి. లారీ వచ్చింది, గొట్టం వేసింది, గుంత ఖాళీ అయింది, డబ్బిచ్చారు, లారీ వీధి మలుపు తిరిగింది. ఇంటి యజమానికి తెలిసిన లోకం అక్కడితో సరి. సర్వే చేసేవారికి దొరికేదీ అంతే. శుద్ధి కేంద్రానికే పోయింది అని ఎవరైనా చెబితే అది చూసి చెప్పింది కాదు, లారీ డ్రైవరు చెప్పిన మాట, లేదా వారి సొంత ఊహ.

ఇక ఎన్నడూ ఖాళీ చేయని గుంతల సంగతి. లెక్క ప్రకారం మలం అక్కడే ఉన్నది కనుక సురక్షితం. మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకు అని పిలిచేదాన్ని ఒకసారి చూస్తే ఈ మాటకు విలువెంతో తెలుస్తుంది. దానికి ఇంకుడు గుంత ఉండాలి. చాలాచోట్ల ఆ స్థానంలో ఒక గొట్టం ఉంటుంది, అది నేరుగా వీధికాలువలోకి పోతుంది. నీరు ఎప్పటికప్పుడు పోతుంటుంది కనుక ట్యాంకు నిండినట్టు తెలియదు. రెండు మూడేళ్లకు ఒకసారి తీయించవలసినది పదేళ్లయినా తీయించరు. ‘ఎన్నడూ ఖాళీ చేయలేదు’ అన్న జవాబు ఆ ఇంటి విషయంలో భద్రతకు గుర్తు కాదు, వీధికాలువకు గుర్తు. ఇదంతా గమనించిన తరువాతనే ప్రపంచ ఆరోగ్య సంస్థవారు బంగ్లాదేశ్, ఇండొనేషియా, కెన్యా, జాంబియా, ఈక్వడార్, సెర్బియాలలో ప్రయోగాత్మకంగా కొత్త ప్రశ్నలు పరీక్షించారు. ట్యాంకు నుంచి బయటికి వచ్చే గొట్టం ఎక్కడికి పోతున్నది? గుంత ఎప్పుడైనా పొంగిందా? కారిందా? బ్రాడ్ వీధి గోతిని తవ్వి చూసిన నూట అరవై ఏళ్లకు పైగా గడిచాక ఈ ప్రశ్నలు ఇంటింటి సర్వేల్లోకి వస్తున్నాయి.

మన దేశపు లెక్కల వద్దకు వద్దాం. 2018 జూలై నుంచి డిసెంబరు దాకా జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో గ్రామాల్లో 28.7 శాతం ఇళ్లకు మరుగుదొడ్డి అందుబాటులో లేదని తేలింది. అదే కాలానికి ప్రభుత్వపు లెక్క సుమారు 95 శాతం ఇళ్లకు ఉన్నదన్నది. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతమంతా బహిరంగ మలవిసర్జన నుంచి విముక్తి పొందిందని ప్రకటించారు. ఆ ఏడాదే మొదలై 2021లో ముగిసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 19 శాతం ఇళ్లకు ఏ దొడ్డీ లేదని వచ్చింది. ఈ వైరుధ్యం గురించి పత్రికల్లో చాలా రాశారు, నేను పొడిగించను. నాకు ముఖ్యమనిపించేది, ఆ గ్రామాల దొడ్లలో సుమారు సగం సెప్టిక్ ట్యాంకులని అదే నమూనా సర్వే చెప్పటం. ప్రభుత్వ పథకం ప్రోత్సహించింది జంటగుంతల దొడ్డిని. ఒక గుంత నిండితే మూసి రెండోది వాడాలి. ఏడాది రెండేళ్లకు మొదటిదానిలోని మలం ఎరువవుతుంది, ఎవరైనా పారతో తీయవచ్చు. చౌక, సులభం, శాస్త్రీయం. మరి జనం అప్పుచేసి పెద్ద ట్యాంకులు ఎందుకు కట్టించుకున్నారు?

జవాబు ఇంజనీర్ల పుస్తకాల్లో లేదు, కులంలో ఉన్నది. 2014లో ఉత్తరాది రాష్ట్రాల్లో డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ బృందం చేసిన సర్వే ఈ సంగతిని వివరంగా బయటపెట్టింది. ఎరువైనా సరే, ఆ గుంతలో చెయ్యి పెట్టటం తమ పని కాదని రైతు అనుకుంటున్నాడు. అది అంటరానివాడి పని. ఆ అంటరానివాడు ఇప్పుడు ఆ పనికి రావటానికి ఇష్టపడటం లేదు, రాకపోవటం పూర్తిగా న్యాయం. అంచేత తన జీవితకాలంలో నిండని గుంత కావాలి. అది కట్టించే స్తోమతు లేకపోతే దొడ్డి ఉన్నా పొలానికే పోవాలి. ఇంటికి పనిచేసే దొడ్డి ఉండికూడా కనీసం ఒకరు బయటికి పోయే ఇళ్లు ఆ సర్వేలో 40 శాతానికి పైగా ఉన్నాయి. ఇంటిని కాక మనిషిని అడిగినప్పుడే ఈ అంకె బయటపడింది. కుటుంబాన్ని ఒకే మనిషిగా భావించి ఇంటిపెద్దను ప్రశ్నించే సర్వేలో ఇది కనపడదు.

సర్వేలన్నీ పాలకుల చేతిలో అబద్ధాల మూటలని మనవాళ్లలో కొందరు కొట్టిపారేస్తారు. వారితో నేను ఏకీభవించలేను. పాకీదొడ్ల చరిత్రే ఇందుకు అడ్డుగా నిలుస్తుంది. మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. కోలారు బంగారుగనుల పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, పదవీవిరమణ చేసిన ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ మొదలైనవారు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా తిరిగి పాకీదొడ్లను లెక్కించింది, ఫొటోలు తీసింది, కూలగొట్టింది. మన రాష్ట్రపు పాకీపనివారి స్థితి మీద గీతా రామస్వామి 2005లో పుస్తకం రాశారు. 2003లో ఈ ఉద్యమం సుప్రీంకోర్టుకు పోతే, తమ దగ్గర అటువంటి దొడ్లే లేవని అనేక రాష్ట్రాలు ప్రమాణపత్రాలు దాఖలు చేశాయి. అప్పుడు 2011 జనగణన వచ్చింది. దొడ్డి రకాల పట్టికలో ‘మనుషులు మలం ఎత్తేది’ అనే గడి ఒకటి ఉన్నది. ఆ గడిలో పడిన ఇళ్లు 7,94,390. ఎన్యూమరేటర్లు ఉద్యమకారులు కారు, చాలామంది బడిపంతుళ్లు. పట్టికలో గడి ఉన్నది కనుక నింపారు. అంతే, ప్రమాణపత్రాలు అబద్ధమని తేలిపోయింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు వెనుక ఈ లెక్కా ఉన్నది.

కాని ఆ గడి లెక్కించింది దొడ్డిని. ఎత్తే మనిషిని కాదు. మనిషిని లెక్కించవలసి వచ్చినప్పుడు ప్రభుత్వాల చెయ్యి వణుకుతుంది. 2011 సామాజిక ఆర్థిక కులగణనలో గ్రామాల్లోనే లక్షా 80 వేలకు పైగా ఇళ్లలో ఈ పని చేసేవారున్నారని తేలింది. తరువాత 2013, 2018 సర్వేల్లో కలిపి ప్రభుత్వం గుర్తించింది 58,098 మందిని. గుర్తిస్తే పునరావాసం ఇవ్వాలి. కనుక గుర్తించకపోవటమే మితవ్యయం.

పాకీదొడ్డి పోయిన చోట సెప్టిక్ ట్యాంకు వచ్చింది. గంప పోయి ట్యాంకులోకి దిగటం వచ్చింది. 2016లో వరంగల్ నగరపాలక సంస్థ లారీలకు లైసెన్సులు, పనివారికి రక్షణ పరికరాలు విధిస్తూ మలబురద నిర్వహణకు నియమావళి చేసింది. 2017లో కేంద్రం జాతీయ విధానం ప్రకటించింది. యంత్రం వచ్చినచోట మనిషి దిగవలసిన అవసరం తగ్గింది గాని పోలేదు. ట్యాంకు అడుగున గట్టిపడిన మడ్డిని గొట్టం లాగలేదు. విషవాయువు ఆ అడుగునే ఉంటుంది. అటువంటి చావుకు నష్టపరిహారం పది లక్షలని 2014 తీర్పు చెబితే, 2023 అక్టోబరులో అదే కోర్టు దాన్ని 30 లక్షలకు పెంచింది.

ఆ ఏడే ‘నమస్తే’ అనే పథకం కింద మురుగుకాలువల, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల వివరాలు నమోదు చేయటం మొదలయింది. 2024 సెప్టెంబరు నాటికి నమోదైన సుమారు 38,000 మందిలో 68.9 శాతం షెడ్యూల్డు కులాలవారు. ఇంటివాళ్లకు తెలియని జవాబు వీరికి తెలుసు. ఏ లారీ ఏ చెరువు గట్టున ఆగుతుందో, ఏ ట్యాంకుకు అడుగు కట్టలేదో, ఏ వీధిలో గొట్టం కాలువలోకి పోతుందో చెప్పగలిగినవారు వీరే. నమోదు పత్రంలో వీరి కులం, వయసు, జీతం అడుగుతారు. చివరిసారి ఖాళీ చేసినప్పుడు అందులోది ఎక్కడికి పోయింది అన్న ప్రశ్న మాత్రం ఇంకో శాఖవారి ఇంకో సర్వేలో, గుమ్మంలో నిలబడిన ఇంటి యజమానిని అడుగుతున్నారు.