తిరుప్పూర్ బనియన్ల పరిశ్రమ, నొయ్యల్ నది

వర్ధమాన దేశాల ఎగుమతి పరిశ్రమల గురించి చదివేటప్పుడు 'క్లస్టర్' అనే మాట తరచుగా ఎదురవుతుంది. ఒకే రకం సరుకును తయారుచేసే చిన్నా పెద్దా సంస్థలు, వాటికి ముడిసరుకు అందించేవారు, యంత్రాలు బాగుచేసేవారు, కొనుగోలు ఏజెంట్లు ఒకే ప్రాంతంలో గుమిగూడి ఉండటాన్ని క్లస్టర్ అంటున్నారు. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే ఇంగ్లండు పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి, అటువంటి చోట పనితనం ఒక్కరి దగ్గర దాగి ఉండక ఊరందరి సొత్తు అవుతుందని గుర్తించాడు. సరిగ్గా వందేళ్ల తరవాత మైకేల్ పోర్టర్ ఈ ఆలోచనను దేశాల పోటీ సామర్థ్యంతో ముడిపెట్టాడు. ఆ మీదట ప్రభుత్వాలు క్లస్టర్లను 'నిర్మించడానికి' పూనుకున్నాయి. అయితే ప్రపంచ మార్కెట్లో నిలదొక్కుకున్న క్లస్టర్లలో చాలావాటిని ఎవరూ ప్రణాళిక వేసి నిర్మించలేదు. తమిళనాడులోని తిరుప్పూర్ అలాంటిదే.

తిరుప్పూర్ చరిత్రను ఇక్కడ రెండు ప్రశ్నలతో చూద్దాం. ఒక మెట్ట ప్రాంతపు పట్టణం యూరప్, అమెరికా దుకాణాలకు బనియన్లు, టీ షర్టులు అమ్మగల స్థితికి ఎలా వచ్చింది? ఆ టీ షర్టు ధరలో చేరని ఖర్చును ఎవరు భరించారు? రెండో ప్రశ్నను పర్యావరణ పాఠానికి వదిలేయడం మన పుస్తకాలకు అలవాటు. కానీ మొదటి ప్రశ్నకు జవాబు కొంత అందులోనే ఉంది.

మెట్ట పొలాల నుంచి మిషన్ల దాకా

తిరుప్పూర్ కొంగునాడులో, కోయంబత్తూరుకు తూర్పున ఉంది. వర్షం తక్కువ. పత్తి పండే నేలలు, లోతైన బావులు ఇక్కడి వ్యవసాయానికి ఆధారం. 1930లలో పైకారా జలవిద్యుత్తు రావడంతో కోయంబత్తూరు చుట్టూ నూలు మిల్లులు పెరిగాయి. తిరుప్పూర్ పత్తి వ్యాపార కేంద్రం. పక్కనే నూలు దొరకడంతో, చేతితో తిప్పే అల్లిక యంత్రాలపై బనియన్లు తయారుచేసే కార్ఖానాలు స్వాతంత్ర్యానికి ముందే ఇక్కడ వెలిశాయి. చాలాకాలం వాటి మార్కెట్ దేశం లోపలే. మగవాళ్లు చొక్కా లోపల వేసుకునే తెల్ల బనియనే అసలు సరుకు.

ఈ పరిశ్రమ యజమానులు ఎక్కడి నుంచి వచ్చారన్నది ఆసక్తికరమైన విషయం. శరద్ చారి 2004లో ప్రచురించిన 'ఫ్రెటర్నల్ క్యాపిటల్' అనే గ్రంథంలో దీన్ని వివరంగా చర్చించాడు. కొంగు వెల్లాల గౌండర్ కుటుంబాలకు చెందిన చిన్న రైతులు, వ్యవసాయ పనివారు ముందు కార్ఖానాల్లో కార్మికులుగా చేరి, పని నేర్చుకొని, తోటివారితో భాగస్వామ్యం కుదుర్చుకొని యజమానులయ్యారు. తమ ఎదుగుదలకు కారణం అడిగితే ఒళ్లు వంచి చేసిన కష్టమే అని వారు చెప్పుకొనేవారు. అందులో నిజం లేకపోలేదు. కానీ అంతే కష్టపడిన దళిత కార్మికులకూ మహిళలకూ ఆ మెట్లు ఎందుకు అందలేదో ఆ మాట వివరించదు. కులబంధం, భూమి, అప్పు పుట్టించుకోగల పరపతి ఆ కష్టానికి తోడయ్యాయి.

ప్రభుత్వ విధానం కూడా పరోక్షంగా పనిచేసింది. అల్లిక దుస్తుల తయారీ 2005 వరకు చిన్న తరహా పరిశ్రమలకే కేటాయించి ఉండేది. కాబట్టి పెద్ద కర్మాగారం కట్టడం కన్నా అనేక చిన్న యూనిట్లు పెట్టడమే లాభదాయకం. 1984లో కరువు భత్యం కోసం కార్మికులు 127 రోజులు సమ్మె చేశారు. ఆ దశాబ్దంలో పనిని ముక్కలు చేసి బయటి యూనిట్లకు పంచే పద్ధతి మరింత బలపడింది. ఒకే కప్పు కింద సంఘం పెట్టుకోగల కార్మికులు పది కప్పుల కిందికి చెదిరితే బేరమాడే శక్తి తగ్గుతుంది. క్లస్టర్ల సరళత్వాన్ని మెచ్చుకొనే రచనల్లో ఈ మాట తక్కువగా కనిపిస్తుంది.

ఒక్క టీ షర్టు, పది చేతులు

ఒక ఎగుమతి ఆర్డరు వచ్చిందనుకోండి. ఎగుమతిదారు నూలు కొని అల్లిక యూనిట్‌కు పంపుతాడు. అక్కడ గొట్టంలా అల్లిన బట్ట తయారవుతుంది. అది బ్లీచింగ్‌కు, అద్దకానికి వెళ్లి, ఆరి, ముడతలు పోయేలా మరలో నడిచి తిరిగి వస్తుంది. కత్తిరింపు, కుట్టు ఎగుమతిదారు సొంత షెడ్డులోనే జరగవచ్చు. బొమ్మల ప్రింటింగ్ ఒకచోట, ఎంబ్రాయిడరీ మరోచోట, గుండీలు, లేబుళ్లు, అట్టపెట్టెలు ఇంకోచోట. వీటిలో చాలా పనులకు 'జాబ్ వర్క్' అని పేరు. బట్ట తనది కాదు, కూలి మాత్రమే తనది. ఈ ఏర్పాటు వల్ల కొద్దిపాటి పెట్టుబడితో ఒకే ఒక పనిలో దిగవచ్చు. ఆర్డరు పెద్దదైతే పక్క వీధి యూనిట్లను కలుపుకోవచ్చు, లేకపోతే వదిలేయవచ్చు. నష్టభయం అందరికీ పంచిపెట్టినట్లే, కాకపోతే కింది మెట్టు మీద ఉన్నవారికి కాస్త ఎక్కువగా.

ఇక పెట్టుబడి సంగతి. అభిజిత్ బెనర్జీ, కైవాన్ మున్షీ తిరుప్పూర్ సంస్థలపై చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. స్థానిక గౌండర్ యజమానులు బయటి నుంచి వచ్చినవారి కంటే ఎక్కువ పెట్టుబడితో వ్యాపారం మొదలుపెట్టారు. కానీ తక్కువ పెట్టుబడితో వచ్చిన బయటివారే వేగంగా ఎదిగారు. అంటే డబ్బు నేర్పు ఉన్నచోటికే కాక బంధుత్వం ఉన్నచోటికీ ప్రవహించింది. క్లస్టర్లలో పరస్పర విశ్వాసం గొప్ప ఆస్తి అని చెబుతారు. తిరుప్పూర్ చూస్తే ఆ విశ్వాసానికి హద్దులు కూడా ఉన్నాయని తెలుస్తుంది.

విదేశీ కొనుగోలుదారులు 1970ల చివర ఇటలీ నుంచి మొదలై తిరుప్పూర్‌కు రాసాగారు. ఆ కాలంలో దుస్తుల అంతర్జాతీయ వ్యాపారం 1974 నాటి మల్టీ ఫైబర్ ఒప్పందం కింద కోటాలతో నడిచేది. మన దేశంలో ఆ కోటాల పంపిణీని 1978లో ఏర్పడిన అపెరల్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ చూసేది. 1990లో తిరుప్పూర్ ఎగుమతిదారులు సొంత సంఘం పెట్టుకున్నారు. 1991లో రూపాయి విలువ తగ్గింపు వారికి కలిసివచ్చింది. 1980ల మధ్యలో ఏడాదికి 20 కోట్ల రూపాయలకు మించని ఎగుమతులు 1990 నాటికి సుమారు 300 కోట్లకు, 2006–07 నాటికి సుమారు 11 వేల కోట్లకు చేరాయి. 2004 చివర కోటాలు రద్దయ్యాక కూడా తిరుప్పూర్ కూలిపోలేదు.

గుమిగూడటం ఒక్కటే చాలదని తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. సిరిసిల్లలో వేలాది మరమగ్గాలున్నాయి, తరాల పనితనం ఉంది. కానీ 2017 తరవాత అక్కడి మగ్గాలకు పని ఎక్కువగా బతుకమ్మ చీరల వంటి ప్రభుత్వ ఆర్డర్ల మీదే ఆధారపడింది. తిరుప్పూర్‌కు దొరికినట్లు అనేకమంది కొనుగోలుదారులు, అద్దకం నుంచి కుట్టు దాకా పూర్తి గొలుసు సిరిసిల్లకు దొరకలేదు.

నది కట్టిన మూల్యం

తెల్ల బనియన్ల నుంచి రంగుల టీ షర్టులకు మారడమే తిరుప్పూర్ ఎగుమతి విజయం. రంగుల అద్దకానికి నీరు కావాలి, ఉప్పు కావాలి. నూలు బట్టకు రియాక్టివ్ రంగులు పట్టాలంటే అద్దకపు తొట్టిలో ఉప్పు బాగా వేయాలి. ముదురు రంగుకు మరింత ఎక్కువ. రంగు బట్టకు పడుతుంది, ఉప్పు నీటిలోనే మిగిలిపోతుంది.

ఊళ్లో మంచినీటికే కటకట. అందుకని చుట్టుపక్కల గ్రామాల బావుల నుంచి లారీ ట్యాంకర్లలో నీళ్లు వచ్చేవి. పంట పండించడం కంటే నీళ్లు అమ్ముకోవడం మేలని కొందరు రైతులు లెక్క వేసుకున్నారు. వాడిన నీరు నొయ్యల్ నదిలోకి పోయేది. పడమటి కనుమల్లోని వెల్లియంగిరి కొండల్లో పుట్టి కావేరిలో కలిసే ఈ నది ఏడాది పొడవునా పారేది కాదు. వానలు లేని నెలల్లో తిరుప్పూర్ దిగువన పారినది చాలావరకు కార్ఖానాల వ్యర్థ జలమే.

దిగువన ఒరత్తుపాళయం వద్ద సాగునీటి ఆనకట్ట 1992లో పూర్తయింది. సుమారు 10 వేల ఎకరాలకు నీరివ్వడం దాని లక్ష్యం. ఆయకట్టులో ఎక్కువ భాగం కరూర్ వైపు ఉంది. కొన్నేళ్లకే ఆ జలాశయం ఉప్పునీటి గుంటగా మారింది. కాలువలకు నీళ్లు వదలమని అడగవలసిన రైతులే వదలవద్దని ప్రాధేయపడ్డారు. బావులు ఉప్పెక్కాయి, కొబ్బరి దెబ్బతింది, పశువులకు తాగునీరు కరవైంది. ఈ రైతులకు టీ షర్టుల వ్యాపారంతో ఏ సంబంధమూ లేదు. అయినా టీ షర్టు చౌకగా ఉండటానికి వారి పొలాలు కూడా ఖర్చయ్యాయి.

1990లలో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాలు కట్టారు. అవి రంగును, మురికిని కొంతవరకు తీయగలిగాయి, కరిగిన ఉప్పును తీయలేకపోయాయి. నీరు తేటగా కనిపించేది, పొలానికి మాత్రం పనికిరాదు. రైతు సంఘాలు కోర్టుకెక్కాయి. 1996లో సుప్రీంకోర్టు వేలూరు ప్రాంతపు తోళ్ల కార్ఖానాల కేసులో, కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలనే సూత్రాన్ని నిలబెట్టింది. నొయ్యల్ విషయంలో మద్రాసు హైకోర్టు 2006 డిసెంబరులో, చుక్క వ్యర్థజలం కూడా బయటికి పోకుండా ఏర్పాటు చేసుకోవాలని ఆదేశించి, వదిలే నీటికి లీటరుకు ఇన్ని పైసలని జరిమానా కూడా వేసింది. 2009లో సుప్రీంకోర్టు మరికొంత గడువిచ్చింది. ఆ గడువూ దాటింది. 2011 జనవరి 28న హైకోర్టు అద్దకపు యూనిట్లన్నీ మూసివేయమంది. ఏడు వందలకు పైగా యూనిట్లు మూతపడ్డాయి.

అప్పుడు గొలుసు విలువ, దాని బలహీనత రెండూ బయటపడ్డాయి. అద్దకం ఆగితే అల్లిక ఆగింది, కుట్టు ఆగింది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కార్మికుల్లో కొందరు రైలెక్కి ఇళ్లకు వెళ్లిపోయారు. కొందరు ఎగుమతిదారులు అద్దకానికి బట్టను ఇతర రాష్ట్రాలకు పంపారు. చివరికి శుద్ధి కేంద్రాలకు రాష్ట్ర ప్రభుత్వం వడ్డీలేని రుణం ఇచ్చింది. ఉప్పును పొరల ద్వారా వడగట్టి, మిగిలినదాన్ని ఆవిరిచేసి, నీటినీ ఉప్పు ద్రావణాన్నీ తిరిగి అద్దకానికి వాడే పద్ధతితో యూనిట్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఈ పద్ధతికి కరెంటు ఖర్చు విపరీతం. కిలో బట్ట అద్దకం కూలి పెరిగింది. అటువంటి నిబంధన లేని దేశాలతో పోటీ పడుతున్నామని తిరుప్పూర్ ఎగుమతిదారులు చేసే ఫిర్యాదు అబద్ధం కాదు. విదేశీ కొనుగోలుదారు శుద్ధి చేసిన నీటిని మెచ్చుకున్నంత సులభంగా దానికి అదనపు ధర ఇవ్వడు. కానీ అంతకుముందు పాతికేళ్లు ఆ ఖర్చు లేకపోలేదు, ఒరత్తుపాళయం ఆయకట్టు ఖాతాలో పడింది. పరిహారం నిర్ణయించడానికి ఏర్పడిన ప్రాధికార సంస్థ నష్టపోయిన వేలాది రైతులను లెక్కించవలసి వచ్చింది.

నీటినైతే ఇప్పుడు తిరిగి వాడుతున్నారు. మళ్లీ అద్దకానికి పనికిరాని మిశ్రమ లవణాన్ని, బురదను ఏంచేయాలన్నది వేరే సమస్య. అవి బస్తాల్లో నిండి శుద్ధి కేంద్రాల షెడ్లలో పేరుకుపోయాయి.