గుంట, సెంటు, అడుగు: భద్రాచలం సరిహద్దు రికార్డుల్లో అర్థసమన్వయం

ఉపోద్ఘాతం:

నదినీ, ఊరినీ, భూమినీ కంప్యూటర్‌లో ప్రతిరూపంగా నిలిపి, క్షేత్రంలో వచ్చే మార్పులను ఎప్పటికప్పుడు అందులో చూపే విధానాన్ని డిజిటల్ ట్విన్ అంటున్నారు. వేర్వేరు శాఖల సమాచారం అందులో కలవాలంటే అంకెలు చేరితే సరిపోదు, వాటి అర్థమూ చేరాలి. ఆ అర్థాలను, వాటి మధ్య సంబంధాలను యంత్రం గ్రహించేలా నిర్వచించిన వ్యవస్థే ఆంటాలజీ. దీని అవసరాన్ని ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు పాలనలు, రెండు కొలతలు:

గోదావరికి ఉత్తరాన భద్రాచలం, నూగూరు తాలూకాలు మద్రాసు పాలనలో ఉండేవి. దక్షిణాన బూర్గంపాడు, కుక్కునూరు, వేలేరుపాడు ప్రాంతం నిజాం రాజ్యంలోనిది. మద్రాసు లెక్కలో ఎకరాకు 100 సెంట్లు, నిజాం లెక్కలో 40 గుంటలు. కాబట్టి 2.20 అనే నమోదుకు ఒక ఒడ్డున రెండెకరాల ఇరవై సెంట్లు అని అర్థం. రెండో ఒడ్డున అదే అంకె రెండున్నర ఎకరాలు. తేడా 30 సెంట్లు.

1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో చేరాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అంటే సెంట్ల సంప్రదాయం గల భూమి గుంటల జిల్లాలోకి, గుంటల సంప్రదాయం గల భూమి సెంట్ల రాష్ట్రంలోకి వెళ్ళింది. కరణం, పట్వారీ ఉన్నంతకాలం ఏ అంకె ఏ కొలతకు చెందినదో వారి ఎరుకలో ఉండేది. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక ఆ ఎరుకను రికార్డే మోయవలసి వచ్చింది.

నీటి లెక్క:

నీటి విషయంలో కొలత పేరు ఒకటే అయినా చిక్కు తప్పదు. భద్రాచలం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. అది అక్కడి కొలబద్ద సున్నా నుంచి లెక్కించినది. పోలవరం జలాశయ పూర్తి మట్టం 150 అడుగులు సముద్రమట్టం నుంచి లెక్కించినది. ఎక్కడి నుంచి కొలిచారో చెప్పకుండా ఈ రెండింటినీ ఒకే పటంలో పెడితే ముంపు రేఖ తప్పుతుంది.

ముగింపు:

భూ పరిపాలనకు ఐఎస్ఓ 19152 ప్రమాణం 2012లోనే వెలువడింది. వ్యక్తి, హక్కు, భూఖండం అనే మూడింటినీ వేరువేరుగా నిర్వచించి కలిపే ఆ నమూనాను ఏ రాష్ట్రమైనా తిరిగి వాడుకోవచ్చు. అయితే గుంట, సెంటు, పోడు హక్కు వంటి స్థానిక భావనలను అందులో చేర్చవలసిన బాధ్యత మనదే. పరిహారం విస్తీర్ణాన్ని బట్టి వస్తుంది. అంకె అర్థం మారితే నష్టపోయేది భూమి వదిలి వెళ్ళే కోయ, కొండరెడ్డి రైతులే.