ఈ గేము నా ల్యాప్‌టాప్‌లో ఆడుతుందా?

మన ఆఫీసుల్లో కాఫీ మెషీన్ దగ్గర వినపడే ఈ ప్రశ్న చాలా పాతది.

1984లో జెఫ్ క్రామండ్ అనే ఆయన బీబీసీ మైక్రో కోసం 'రెవ్స్' అనే కారు రేసు గేము రాశాడు. 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 32 కిలోబైట్ల మెమొరీ. (పొద్దున్నే మన ఫోనుకొచ్చే శుభోదయం బొమ్మ అంతకంటే పెద్దది!) అందులోనే సిల్వర్‌స్టోన్ ట్రాకుని ఇరికించాడు మహానుభావుడు.

ఆయనే 1996లో 'గ్రాండ్ ప్రి 2' తెచ్చాడు. అందులో 'ఓ' కీ నొక్కితే ప్రాసెసరు ఎంత శాతం పనిలో మునిగిందో చూపించేది. వంద దాటితే బొమ్మలు ఎగిరిపోవు, ఆటలో కాలమే మెల్లగా నడుస్తుంది. మన గడియారంలో రెండు నిమిషాలైనా అందులో నిమిషంన్నరే అయ్యుండొచ్చు. అంటే నీరసం కంప్యూటర్ ఉన్నవాడికి మలుపు తిప్పుకోవడానికి ఎక్కువ టైం దొరికేదన్నమాట! ఇక ఆ ల్యాప్ టైముకి విలువేముంది? అయినా దాచకుండా అంకె చూపించడం నాకు తెగ నచ్చింది.

2012లో వచ్చిన 'యూరో ట్రక్ సిమ్యులేటర్ 2'లాంటి వాటిని విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఆడాలంటే ముందు నీడలు, అద్దాలు తగ్గించండి. అద్దంలో కనిపించే రోడ్డుని కూడా విడిగా గీయాలి కదా. లెక్కలన్నీ ప్రాసెసరు మీదే పడుతుంటే మాత్రం ఇవి తగ్గించినా పెద్దగా లాభం ఉండదు. పైగా సన్నటి ల్యాప్‌టాప్ వేడెక్కితే స్పీడు తానే తగ్గించుకుంటుంది. అందుకే మొదటి ఐదు నిమిషాలు చూసి సంబరపడకండి, అరగంట ఆడి చూడండి.