ఆబ్కారీ లెక్కల్లో మన గోదావరి ఒడ్డు కల్లు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి ఇవ్వవలసిందని కార్యదర్శి గారు కోరినప్పుడు నేను భద్రాచల రామదాసు గురించో, దుమ్ముగూడెం ఆనకట్ట గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. వాటిమీద పెద్దలు చాలా వ్రాశారు. పైగా రామదాసు పాల్వంచ పరగణా తహసీల్దారు, అంటే మన రెవిన్యూ శాఖవాడే. సొంత శాఖవాణ్ణి పొగిడితే బాగుండదు. బూర్గంపహాడ్ తాలూకా కచేరీలోనూ, 1985లో మండలాలు ఏర్పడిన తరువాత పినపాకలోనూ గుమస్తాగా పనిచేసిన నాకు ఈ ప్రాంతంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని చరిత్ర ఒకటి కనిపించింది. అది కల్లు చరిత్ర. ఆడవాళ్ళు, పిల్లలు చదివే పత్రికలో ఇదేమిటని నొసలు చిట్లించవద్దని మనవి. నేను ఎవరినీ తాగమని చెప్పబోవడం లేదు. నాకు పదిహేనేళ్ళుగా మధుమేహం. డాక్టరు గారు రెండు గుక్కలకు మించి ఏదీ రుచి చూడనివ్వరు.

ఈ విషయం తలకెక్కడానికి కారణం ఇటలీ దేశం. మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో ఉంటారు. 2018లో మేమిద్దరం అక్కడికి వెళ్ళినప్పుడు అల్లుడు ఒకరోజుకు కారు, గైడు మాట్లాడి ఫ్లారెన్సు నుంచి సియెనా వైపు కియాంతీ అనే ద్రాక్షతోటల సీమకు తీసుకెళ్ళాడు. మేం నలుగురమే, గైడు మాకోసమే. గుట్టల మీద వరుసలు తీర్చిన ద్రాక్ష, మధ్యమధ్య ఆలివు చెట్లు, దారి పొడుగునా సన్నగా నిటారుగా నిలబడ్డ సైప్రస్ చెట్లు. చూడ్డానికి కళ్ళు చాలవు. ఒక్కొక్క తోటలో నాలుగేసి గాజు గ్లాసుల్లో అడుగున కొంచెం కొంచెం వైను పోసి ఇస్తారు. గ్లాసును తిప్పాలి, వాసన చూడాలి, నాలుక మీద ఆడించాలి. "మింగనక్కర్లేదు మామయ్యా, పక్కన పాత్ర ఉంది, ఉమ్మేయండి" అన్నాడు అల్లుడు. మా ఆవిడ మంచినీళ్ళు అడిగి తెప్పించుకుని, ఆ పాత్ర వైపు చూడకుండా కూర్చుంది.

నాకు రుచికంటే గైడు చెప్పిన కాగితాల సంగతి నచ్చింది. గుమస్తా బుద్ధి కదా. 1716 సెప్టెంబరులో టస్కనీ పాలకుడు మూడవ కోసిమో ఒక ఫర్మానా జారీచేసి కియాంతీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో హద్దులు వ్రాయించాడు. ఆ హద్దుల బయట చేసిన దాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. తరువాత బెత్తీనో రికాసోలీ అనే జమీందారు, ఇటలీ ప్రధానమంత్రిగా కూడా చేసినవాడు, ఏ ద్రాక్ష ఏ పాళ్ళలో కలపాలో 1872లో ఒక ఉత్తరంలో వ్రాసిపెట్టాడు. 1924లో ఉత్పత్తిదారులు సంఘంగా ఏర్పడి నల్ల కోడిపుంజును గుర్తుగా పెట్టుకున్నారు. చివరికి 1999లో వైన్ దారుల కోసమే ఇటలీ పార్లమెంటు ఒక చట్టం చేసింది.

అయితే అక్కడ అంతా అందమే అనుకోవద్దు. ఆ తోటల్లో కొన్ని వందల ఏళ్ళు పాలికాపుల పద్ధతి నడిచింది. పండినదాంట్లో సగం దొరకు ఇచ్చుకోవాలి. కొత్తగా అటువంటి ఒప్పందాలు వ్రాసుకోరాదని 1964లో గానీ చట్టం రాలేదు. 1986లో వైనులో మిథనాల్ కలిపి అమ్మితే ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ రెండో సంగతిని గైడు చెప్పలేదు, నేనే తరువాత చదివి తెలుసుకున్నాను. గైడులు అన్నిచోట్లా ఒకటే.

తిరిగి వచ్చాక నాకు ఒక ఆలోచన తట్టింది. మన పినపాక అడవిలోనూ అటువంటి గైడును పెట్టుకుని ఒకరోజు తిరగాలని. మరుసటి ఏడు శ్రీరామనవమికి వారం ముందు, పరిచయమున్న ఒక కోయ పెద్దాయన్ని బతిమాలుకున్నాను. ఆయన తన గూడేనికి పటేలు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. తెల్లవారకముందే తాటివనంలో ఉండాలన్నాడు.

మైదానంలో గౌడులు మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కుతారు. ఇక్కడ కోయవాళ్ళు ఒంటి వెదురును గణుపుల దగ్గర జానెడేసి కొమ్మలు వదిలి నరికి, దాన్ని చెట్టుకు చేరగట్టి మెట్లలాగా ఎక్కుతారు. పటేలు మనవడు దింపిన లొట్టిలోంచి మొదటి గుక్క తాటాకు దొన్నెలో పోశారు. తాగేముందు పటేలు నాలుగు చుక్కలు నేలమీద పోసి పెద్దలను తలుచుకున్నాడు. అది దాదాపు చెరకు రసం. ఎండ ఎక్కేకొద్దీ పులుపు తిరుగుతుంది. పొద్దువాలేసరికి ఘాటవుతుంది. గాలిలోని ఈస్టు తనంతట తానే ఆ పని చేస్తుంది, మనిషి చెయ్యి అక్కర్లేదు. "ఇది పోతుతాడుది సారూ, తియ్యగుంటది, నిలవది. పండుతాడుది ఎండలు ముదిరినంక వస్తది, అది వేరే" అని మొదలుపెట్టి వాగొడ్డు చెట్టుకూ గుట్ట చెట్టుకూ తేడా చెప్పాడు. కియాంతీ గైడు మట్టి గురించి చెప్పినట్టే చెప్పాడు. ఇంకొంచెం లోపలికి వెళ్ళాక జీలుగు చెట్టు కల్లు. దాని రుచి కొంచెం చేదుగా, చల్లగా ఉంటుంది. జీలుగు మొండెంలోని పిండిని కరువు రోజుల్లో అంబలి కాచుకుని బతికిన కుటుంబాలు ఈ అడవుల్లో ఉన్నాయి. 1945లో అచ్చయిన హైమెన్‌డార్ఫ్ గారి పుస్తకంలో కొండరెడ్ల జీవితానికి ఆ చెట్టు ఎంత ఆధారమో విపులంగా ఉంది. దారిలో ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు, పిల్లలు రాత్రి రాలిన పువ్వు ఏరుతున్నారు.

ఇటలీలో మనిషికి ఎంత తీసుకుంటారని పటేలు అడిగాడు. చెప్పాను. "తాగి ఉమ్మేసేటందుకా?" అని చాలాసేపు నవ్వాడు.

ఆ రోజు నాకు ముఖ్యంగా గుర్తుండిపోయింది ఇంకొకటి. ఒక్కొక్క చెట్టు చూపించి ఇది ఫలానావాడి తాతది, ఇది ఫలానా ఇంటి ఆడబిడ్డకు ఇచ్చింది అని పేర్లతో చెప్పుకుంటూ వెళ్ళాడు. ఆబ్కారీ రిజిస్టర్లలో చెట్టుకు నంబరే ఉంటుంది. చెట్టుకు ఇంత పన్ను, గుత్తేదారు పేరు, గడువు తేదీ. చెట్టు ఎవరిదన్న గడి అందులో లేదు. ఫర్మానా అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడిది పండించేవాడి పేరును కాపాడటానికి వచ్చింది. ఇక్కడిది చెట్టుకూ మనిషికీ మధ్య గుత్తేదారును నిలబెట్టడానికి వచ్చింది.

ఎలా వచ్చిందో చెబుతాను. ఆబ్కారీ అన్నది పారశీక మాట. ఆబ్ అంటే నీరు, కార్ అంటే పని. 1860 దాకా గోదావరికి రెండు ఒడ్డులూ నిజాంవే. ఆ ఏడు జరిగిన ఒడంబడికలో ఎడమ ఒడ్డును ఆయన ఇంగ్లీషువారికి ఇచ్చేశాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిశాయి. మన పినపాక, బూర్గంపహాడ్ కుడి ఒడ్డున నిజాం కింద ఉండిపోయాయి. ఏటికి ఆ పక్క మద్రాసు ఆబ్కారీ చట్టం, 1886 నాటిది. ఈ పక్క హైదరాబాదు ఆబ్కారీ చట్టం, ఫసలీ 1316 నాటిది, అంటే 1906-07. ఒకే భాష, ఒకే ఇంటిపేర్లు, వియ్యాలందుకునే గూడేలు; కల్లుకు మాత్రం రెండు చట్టాలు.

ఏటికి ఆ పక్క జరిగినది చరిత్రకెక్కింది. తూర్పున రంప దేశంలో కొండవాళ్ళు సొంతానికి కల్లు గీసుకోవడం నేరమైంది. కల్లు రాబడిని సర్కారు గుత్తలకిచ్చింది. రంప మన్సబుదారు చిగురుపన్ను అని ఒకటి, దానిమీద మొదలుపన్ను అని మరొకటి వసూలు చేశాడు. పేరు చూడండి. చిగురుకే పన్ను. పోలీసుల దాష్టీకం, మైదానపు షావుకార్ల దావాలు కూడా తోడై 1879 మార్చిలో రంప తిరగబడింది. వేసవి దాటేసరికి అది భద్రాచలం వైపు రేకపల్లి దాకా పాకింది. అక్కడ పోడు మీద పెంచిన పన్నులు, అడవి ఆంక్షలు కూడా కారణం. మద్రాసు నుంచి పటాలాలు దింపి 1880లో గానీ అణచలేకపోయారు. ఆ తరువాత మన్సబుదారును తొలగించి, ముఠాదార్లతో సర్కారు నేరుగా ఒప్పందం చేసుకుంది. ఇంటి వాడకానికి కల్లు గీసుకునే హక్కును ఒప్పుకోక తప్పలేదు. అల్లూరి సీతారామరాజు 1922లో లేచిన నేల కూడా అదే. మన పాఠ్యపుస్తకాల్లో 1922కు చోటుంది, 1879కి రెండు వాక్యాలు. చనిపోయినవాళ్ళు అప్పుడూ తక్కువ కాదు.

ఈ పక్క, మన ఒడ్డున, అంత పెద్ద తిరుగుబాటు లేదు. గుత్తేదారు ఉన్నాడు. నిజాం ఖజానాకు ఆబ్కారీ రాబడి భూమిశిస్తుతో పోటీపడే స్థాయికి వచ్చింది. అందుకే 1947-48లో స్టేట్ కాంగ్రెసు వారు సర్కారు రాబడిని దెబ్బతీయాలని సరిహద్దుల్లో ఈతచెట్లు, తాటిచెట్లు నరికించారు. ఉద్యమం గొప్పదే. కానీ నరికిన చెట్టు గీసుకుని బతికేవాడిది, నిజాంది కాదు.

మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికి మద్యనిషేధం అన్ని జిల్లాలకూ వచ్చింది. 1953లో ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి అదే వారసత్వంగా వచ్చి, కల్లుగీత కార్మికుల బతుకు తెరువు పెద్ద సమస్యయింది. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం ఈ విషయం మీదనే ఒక్క ఓటుతో పడిపోయింది. కల్లు మీద ప్రభుత్వం కూలిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

మన నౌకరీ కాలంలో జరిగినవి మీకందరికీ తెలిసినవే గనుక త్వరగా చెబుతాను. 1968లో రెండు ప్రాంతాలకూ ఒకే ఎక్సైజు చట్టం వచ్చింది. 1970ల మధ్యలో కేంద్రం గిరిజన ప్రాంతాల్లో వ్యాపారపు మద్యం తీసివేసి, సొంతానికి చేసుకునేదాన్ని వదిలేయమని రాష్ట్రాలకు సూచించింది. కాగితం మీద చక్కగా ఉంది. ఆచరణలో ఏమైందంటే సారా ప్యాకెట్టు గూడేనికి చేరింది, వారుణివాహిని పేరుతో. నేను చూసినంతలో కోయ గూడేల్లో ఇళ్ళు పాడయింది సారాతో, కల్లుతో కాదు. దూబగుంట ఆడవాళ్ళు 1992లో లేచిందీ సారా మీదనే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఆ మూడేళ్ళలో మన ఆఫీసులకు వచ్చిన సర్క్యులర్లు తూకానికి అమ్మితే ఒక నెల పెన్షను వచ్చేది.

కల్లుకు కూడా మచ్చ లేకపోలేదు. పట్నాల్లో, మైదానంలో చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైనచోట క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలమ్ వంటి మందులు కలిపి అమ్మారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాన్ని చూపించి కల్లంతా విషమేననడం తగదు. మిథనాల్ చావులు జరిగాయని ఇటలీ తన తోటలు నరుక్కోలేదు. తనిఖీలు గట్టి చేసింది. మన దేశంలోనే గోవా వాళ్ళు తమ ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. గోదావరి ఒడ్డు జీలుగు కల్లుకో, ఇప్పపువ్వుకో అటువంటి ప్రయత్నం చేస్తే ఆ పేరుమీద వచ్చే రాబడి గూడేనికే దక్కేట్టు చూడాలి. లేకపోతే మళ్ళీ ఒక గుత్తేదారే తయారవుతాడు, ఈసారి రిసార్టు బోర్డుతో.

అందుకు చట్టంలో ఆధారం ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకూ పంచాయతీకీ ఇవ్వాలంటోంది. మన రాష్ట్రంలో దానికి నియమాలు 2011లో వచ్చాయి. పటేలుకు ఆ మాట చెబితే, గ్రామసభ తీర్మానం కాగితం ఎట్లా వ్రాయాలో చూపించమన్నాడు. ఆ సాయంత్రమే గూడెంలో అరుగు మీద కూర్చుని నమూనా వ్రాసి ఇచ్చాను. ఆయన మనవడు ఇంటరు చదివాడు, తప్పులు దిద్దాడు.

ఆ గూడెంలో ఒంటి వెదురు ఎక్కగలవాళ్ళు ఇప్పుడు అయిదుగురే మిగిలారు. మనవడు మణుగూరులో పని వెతుక్కుంటున్నాడు.

చివరగా ఒక విన్నపం. బూర్గంపహాడ్, పాల్వంచ, ఇల్లందు ప్రాంతాల్లో పనిచేసిన మన సభ్యుల ఇళ్ళలో నిజాం కాలపు ఆబ్కారీ రశీదులు, చెట్టు నంబర్ల పుస్తకాలు, గుత్తల వేలం నోటీసులు ఉర్దూలోనివైనా తెలుగువైనా ఉంటే చెదలపాలు చేయక సంఘం కార్యాలయంలో ఇవ్వగోరుతాను. ఉర్దూ చదవగల సభ్యులు మనలో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. వారు ఓపికగా ఉండగానే చదివించి, వ్రాయించి పెట్టుకోవలసి ఉంది.