నింబోలిఅడ్డ గోడ వెనకాల: ‘హోం’ అనే మాటకున్న చరిత్ర

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి.

బర్కత్‌పుర నుంచి కాచిగూడ వైపు నడిస్తే నింబోలిఅడ్డ వస్తది. అక్కడ ఆడపిల్లల ప్రభుత్వ హోం ఉంది. మగపిల్లలది సైదాబాద్‌లో ఉంది. చిక్కడపల్లి లైబ్రరీకి, అశోక్‌నగర్ కోచింగులకు వచ్చే మనోళ్లను అడిగితే "అది పిల్లల జైలు" అంటరు. చట్టం ప్రకారం అది జైలు కాదు. మరి ఆ మాట ఎట్ల పుట్టింది? తెలుసుకోవాలంటే నూటయాభై ఏండ్లు వెనక్కి పోవాలె. ఆ కథలో మన తాతముత్తాతలు కూడా ఉన్నరు.

బ్రిటిషోళ్లు 1876లో, మళ్లీ 1897లో రిఫార్మేటరీ స్కూళ్ల చట్టం తెచ్చిండ్రు. శిక్ష పడ్డ పిల్లలను పెద్దల జైల్లో కాకుండా బడి లాంటి చోట పెట్టి పని నేర్పాలన్నది దాని ఉద్దేశం. 1897 చట్టం పదిహేనేండ్ల లోపు మగపిల్లలకే. ఆడపిల్లల ఊసే లేదు.

అదే కాలంలో ఇంకో చట్టం నడిచింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చిండ్రు. ఎరుకలవాళ్లు, కొన్ని చోట్ల లంబాడాలు ఆ జాబితాకు ఎక్కిండ్రు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్ల పుట్టిన సెటిల్‌మెంటే, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. ఆ చట్టంలో పిల్లల గురించి ఒక సెక్షన్ ఉండె. ఆరేండ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, రిఫార్మేటరీ బడుల్లో పెట్టొచ్చు. ఆ పిల్ల, ఆ పిల్లగాడు ఏ తప్పూ చేయాల్సిన పని లేదు. పుట్టిన ఇల్లే కేసు.

మా నాయన వేలిముద్ర వేసి నన్ను హాస్టల్‌లో చేర్పించిండు. ఆ చట్టం కింద కూడా వేలిముద్రలు తీసుకునేటోళ్లు, కానీ అది పెద్దల మీద నిఘా కోసం. పిల్లను తీస్కపోవడానికి తండ్రి ఒప్పుకోలు అక్కర్లేకుండె. హాస్టల్‌కూ ఆ బడికీ తేడా నాకు ఇక్కడనే అర్థమైంది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. 1976 సవరణతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చిండ్రు. ఒక జాబితా పోయి ఇంకో జాబితా వచ్చింది. కానీ "వీళ్లింతే" అన్న చూపు మాత్రం చట్టంతో పాటు రద్దు కాలేదు.

పిల్లల కోసం వేరే చట్టం ముందుగా మద్రాసులోనే 1920లో వచ్చింది. దేశం మొత్తానికి 1986లో జువైనల్ జస్టిస్ చట్టం. దాంట్లో మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18. ఇద్దరికీ 18 చేసింది 2000 చట్టం. ఇప్పుడు నడిచేది 2015 చట్టం.

ఇప్పటి చట్టం పిల్లలను రెండు రకాలుగా చూస్తది. కేసులో ఉన్నోళ్లు జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు పోతరు. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటరు. విచారణ సమయంలో ఉండేది అబ్జర్వేషన్ హోం. తప్పిపోయినోళ్లు, పనిలో నుంచి, బాల్యవివాహం నుంచి బయటపడ్డోళ్లు బాలల సంక్షేమ కమిటీ ముందుకు పోతరు. వాళ్లకు చిల్డ్రన్ హోం. గోడ ఒక్కటే కనిపించినా లోపలి కారణాలు వేరు. నింబోలిఅడ్డ పేరు వినంగనే ఏదో నేరం అనుకునేటోళ్లు ఇది గమనించాలె.

లోపల రోజు ఎట్ల గడవాల్నో 2016 నియమాల్లో ఉంది. వ్యాయామం, చదువు, చేతిపని, ఆటలు, ప్రార్థన, ఆదివారాలకు వేరే కార్యక్రమాలు. టిఫినుతో కలిపి నాలుగు పూటల తిండి. 50 మంది ఉంటే 25 మందికొకటి చొప్పున రెండు డార్మిటరీలు. సిక్ రూము, లైబ్రరీ, కౌన్సెలింగ్. చదువుతుంటే మన హాస్టల్ టైంటేబులే అనిపిస్తది. కానీ మనం సంక్రాంతికి సంచి సర్దుకొని బస్సెక్కుతం. వాళ్లు పోవాలంటే బోర్డో, కమిటీనో ఆర్డర్ ఇయ్యాలె.

తండాలో, గూడెంలో ఎవరి పిల్లనైనా పోలీసులు తీస్కపోతే ఇవి యాది పెట్టుకోండి. లాకప్‌లో పెట్టొద్దు, బేడీలు వెయ్యొద్దు. 24 గంటల్లో బోర్డు ముందుకు తేవాలె. బెయిల్ ఇయ్యడమే పద్ధతి, ఆపితే కారణం రాయాలె. లాయరు ఉచితం. పదహారు దాటి, పెద్దోళ్ల లెక్క విచారణ జరిగి తప్పు తేలిన కేసులు తప్ప, ఆ పాత కేసు రేపటి ఉద్యోగానికి అడ్డం కాకూడదు. కానిస్టేబుల్, గ్రూప్స్ రాసే తమ్ముళ్లు ఇది తప్పకుండ తెలుసుకోవాలె.

ఇంకొకటి. అసొంటి పిల్లల పేరు, ఫోటో, ఊరు బయట పెట్టడం చట్టప్రకారం నేరం. మన గ్రూపులో కూడా ఎవరూ పెట్టకండి. సాయం కావాలంటే 1098కి ఫోన్ చేయండి. లా చదివే అన్నలు, అక్కలు ఎవరన్నా ఉంటే కింద చెప్పండి, ఊర్లల్ల మనోళ్లకు ఈ నాలుగు ముక్కలు మన భాషల్లో చెప్పుదాం.