పాతబస్తీ దేవిడీలు

గోలకొండ సుల్తానుల నాడే భాగ్యనగరమున అమీరుల హవేలీలు వెలసియున్నను, నేడు మనము దేవిడీ యని చెప్పుకొను గృహరూపము, నిజాము అలీఖాను ఔరంగాబాదు నుండి రాజధానిని హైదరాబాదునకు మరల్చిన పిమ్మట, దర్బారును వెన్నంటి వచ్చిన జాగీరుదారులును దఫ్తరుదారులును పరివారసమేతముగ కాపురముండుటకు చోటు వెదకుకొన్న కాలమున స్థిరపడినది. సిపాయీలు, గుమాస్తాలు, గుర్రములు, పల్లకి బోయీలు, దాదులు, ఇందరిని ఇముడ్చుకొనవలసినది గనుక దానిని ఇల్లనుటకంటె చిన్నపేట యనుట యుక్తము.

ఎత్తైన ప్రహరీ వీథికి పెడమొగము పెట్టి నిలిచియుండును. ఏనుగు అంబారీతో దూరగల కమాను, ఇనుప మేకులు తాపిన తలుపులు, ఆ తలుపులోనే మనిషి తలవంచి పోవలసిన దిడ్డి. మొదటి ముంగిట కావలివారును అశ్వశాలయు. దానిని దాటినచో పురుషులుండు మర్దానా, నట్టనడుమ నీటి హౌజు, చుట్టును ఎత్తరుగులపై టేకు కంబముల దాలాను. మరింత లోపల, పరుల చూపు సోకని స్త్రీల జనానా. వచ్చినవాడెంత లోనికి పోవచ్చునో వాని హోదాయే నిర్ణయించెడిది. ఇక ఇచ్చటి యెండ యింటి నడుమను ఆకాశమునకు విప్పించినది.

పునాదులకును క్రిందిగోడలకును ఊరిచుట్టునున్న గుట్టల రాయియే ఆధారము. ఆ కఠినశిల నగిషీకి సులభముగ లొంగదు. కనుకనే చూపరులు రాతిచెక్కడమని భ్రమపడు లతలును పద్మములును చాలవరకు గచ్చుపనియే. ఎడ్లు త్రిప్పు రాతిచక్రము వర్తులాకారపు గాడిలో సున్నమును ఇసుకను నలుగగొట్టుచుండగా, బెల్లపునీరును కరక్కాయ కషాయమును చేర్చి, వెన్నవలె నైన పిదప గోడకు పూసి, నున్నని రాళ్లతో మెరుగు తేలువరకు రుద్దెడివారు. ఆ పనిలో తొందరకు తావు లేదు.

19వ శతాబ్దిలో అభిరుచి మారినది. హుస్సేనీ ఆలములోని ఖుర్షీద్ జా దేవిడీ పాశ్చాత్యరీతి స్తంభములతో తోటవైపునకు ముఖము తెరచినది. గంభీరమే గాని, నా కంటికి పాత నడిముంగిటి చల్లదనమే మిన్న.

1908లో మూసీ వరద నగరమును ముంచినది. దానికన్న పెద్దదెబ్బ 1949లో జాగీరుల రద్దు. రాబడి పోగా పరివారము చెదరినది, పరివారము చెదరగా అన్ని ముంగిళ్లు గల యింటికి పనియే లేకపోయినది. సాలార్‌జంగుల దివాన్ దేవిడీ 1951 నుండి 1968 వరకు మ్యూజియముగ నిలిచి, తరువాత ద్వారములు మాత్రము మిగిల్చి అంతరించినది. భూమిశిస్తు లెక్కలు చూచిన మాల్వాలా వంశమువారి దేవిడీలో అధికభాగమును, చెక్కిన టేకు కంబములతో సహా, 2000లో కూల్చివేసిరి. మిగిలినవానికి మరమ్మతు పేరిట సిమెంటు పూయుట మరియొక విపత్తు: లోపలి తేమ వెలికి రాలేక సున్నపుగోడ పెచ్చులుగ రాలును. అందుచేతనే తెలిసిన మేస్త్రీలు నేటికిని పాతగోడకు సున్నమునే కోరుదురు.