భీమవరం ప్రాంతంలో పరాన్నజీవుల వ్యాప్తి

భీమవరం చుట్టూ ఉన్న గోదావరి డెల్టాలో పరాన్నజీవుల చరిత్ర చాలావరకు నీటి చరిత్రే. వేడి, గాలిలో తేమ ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు దోమకు, నత్తకు, చేప పేనుకు అనుకూలంగానే ఉంటాయి. వాటిలో ఏది ఎప్పుడు పెచ్చు పెరగాలో మాత్రం మనుషులు నీటిని మళ్లించిన తీరు, నిలవేసిన తీరు నిర్ణయించాయి.

ఆనకట్టకు పూర్వం ఈ పల్లపు నేల వరదకు మునుగుతూ, వేసవికి బీటలు వారుతూ ఉండేది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం వద్ద 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. పశ్చిమ డెల్టా కాలువలు సార్వాను, ఆపై దాళ్వాను నిలబెట్టాయి. కరువు నేలను అన్నపూర్ణగా మార్చిన మహత్కార్యం అది. అయితే వచ్చినంత తేలిగ్గా నీరు బయటికి పోలేదు. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న ఈ ప్రాంతంలో యనమదుర్రు వంటి మురుగు కాలువలు మందంగా పారతాయి. పూడిక, గుర్రపుడెక్క చేరితే ఆ పారుదల కూడా ఆగిపోతుంది.

ఏడాది పొడవునా తడి దొరికిన చోట నత్తలు స్థిరపడతాయి. పశువుల కార్జపు జలగకు అవే ఆశ్రయం. దాని పిల్ల దశలు నత్తలో పెరిగి, నీటిలోకి వెలువడి, గట్ల మీది పచ్చికకు అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన గేదె చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి, దవడ కింద నీరు దిగుతుంది.

ఈ ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ కాలం మనుషులను పీడించింది బోదకాలు. దీనికి మూలమైన ఫైలేరియా క్రిమి పిల్లలను 1866లో బ్రెజిల్‌లో ఒట్టో వుకరర్ రోగుల మూత్రంలో చూశాడు. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ వాటిని రక్తంలో గుర్తించాడు. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్‌కు పెద్ద పురుగు దొరికింది. మరుసటి ఏడాది చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్, ఆ పిల్లలు దోమలో పెరుగుతాయని తేల్చాడు. చచ్చిన దోమ పడిన నీటిని తాగితే వ్యాధి వస్తుందని ఆయన భావించాడు. 1900లో జార్జ్ కార్మైకేల్ లో అనే ఆయన దోమ తొండంలోనే క్రిమి పిల్లలను చూపించడంతో, కాటు ద్వారానే వ్యాధి సోకుతుందని తెలిసింది.

వరి చేల దోమ వల్లే బోదకాలు వస్తుందన్న అభిప్రాయం సరికాదు. ఈ వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ ఇంటి వెనుక మురుగు గుంటలో, మూతలేని సెప్టిక్ ట్యాంకులో, కదలని డ్రెయిన్‌లో పుడుతుంది. పట్టణం పెరిగి, డ్రెయినేజీ దానికి తగ్గట్టు పెరగకపోతే ఈ దోమకు కొరత ఉండదు. కోస్తా ఉక్క కూడా దానికి తోడవుతుంది: తగినంత వేడి, తేమ ఉంటే దోమ శరీరంలో క్రిమి దాదాపు రెండు వారాల్లో కాటుకు సిద్ధమవుతుంది. కుండపోత వాన డ్రెయిన్లలోని దోమ పిల్లలను కొట్టుకుపోయేలా చేస్తుంది. ముంపు తీశాక మిగిలిన గుంటల్లో మళ్లీ పుట్టుకొస్తాయి.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. దేశంలోని మూడు ప్రాంతీయ ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలో వెలసింది. క్రిమి పిల్లలు రాత్రిపూటే చర్మపు రక్తనాళాల్లోకి వస్తాయి కనుక, సిబ్బంది చీకటి పడ్డాక ఇంటింటికీ తిరిగి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకునేవారు. ఓపికతో సాగిన ఆ పని ప్రశంసనీయం. 2004 నుంచి సామూహికంగా డీఈసీ మాత్రల పంపిణీ సాగింది. 2007 నుంచి దానికి ఆల్బెండజోల్ కలిసింది. మాత్ర క్రిమి పిల్లలను తగ్గిస్తుంది గాని, ముదిరిన వాపును తీసివేయలేదు. 2027 నాటికి వ్యాధిని నిర్మూలించాలని దేశం లక్ష్యంగా పెట్టుకుంది.

మలేరియా డెల్టాలో కంటే ఎగువ ఏజెన్సీ కొండవాగుల వద్ద ఎక్కువ బాధించింది. పిల్లల నులిపురుగులకు 2015 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో మాత్రలు వేస్తున్నారు.

1970ల చివరి నుంచి కొల్లేరు అంచున, తర్వాత ఉండి, ఆకివీడు, భీమవరం పరిసరాల్లో వరి పొలాలు చేపల చెరువులయ్యాయి. కిక్కిరిసిన బొచ్చె, రోహు మధ్య పేను (ఆర్గులస్) త్వరగా పాకుతుంది. ఇది చేపను వదిలి కర్రలు, రాళ్లపై గుడ్లు పెడుతుంది. నీరు ఎంత వెచ్చగా ఉంటే గుడ్లు అంత త్వరగా పొదుగుతాయి. ఇక్కడి చలికాలం వాటిని ఆపేంత చల్లన కాదు. చెరువులో వెదురు తడకలు దింపి, వాటికి అంటిన గుడ్లను గట్టున ఎండబెట్టడం మందుల కంటే మేలైన పద్ధతి.

2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. ఆ ఏడాదే థాయిలాండ్‌లో టైగర్ రొయ్యలో వర్ణించిన ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి, తర్వాతి దశాబ్దంలో మన దేశపు వెనామీ చెరువుల్లోనూ బయటపడింది. సోకిన రొయ్య చావదు, ఎదగదు. మేత ఖర్చు మాత్రం పెరుగుతుంది. దీని బీజాలు చెరువు అడుగు మట్టిలో నిలిచి ఉంటాయి. విరామం లేకుండా పంట మీద పంట వేయడం, పరీక్షించని పిల్లను వదలడం, ఒకరి చెరువు వదిలిన నీటిని మరొకరు తోడుకోవడం వాటిని ఊరంతా పంచుతాయి. ఈహెచ్‌పీని నయం చేసే మందు లేదు. పంటల మధ్య అడుగును బాగా ఎండబెట్టి కాల్చిన సున్నం చల్లడం, పీసీఆర్ పరీక్షలో నెగ్గిన పిల్లనే వేయడం తప్ప రైతుకు మరో మార్గం లేదు.